పాలవైపు నడికట్టు

నేను ఒక మాట పలకను. పొయ్యిలో కట్టెల్ని కాల్చేది ఉంటుంది చూడండి, దాని పేరు. మా మామగారికి వాళ్ళమ్మానాన్నా ఏరికోరి ఆ పేరే పెట్టారు మరి! ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజు నుంచి నాకది "వేడిది". ఆయన పోయి ఎన్నేళ్ళయినా అంతే. మా తుకేలా ఏటి లోయలో కోడలైన ప్రతి ఆడదానికీ నోట్లో ఇలాంటి ముల్లొకటి ఉంటుంది. మామగారి పేరులో ఏ మాట ఉందో ఆ మాట మింగేసి, దాని బదులు ఇంకోటి వెతుక్కోవాలి. ఒక్కో ఇంట్లో ఒక్కో మాట. మా కోడళ్ళ భాష పక్కింటికి తెలియదు, పక్కింటిది మాకు తెలియదు. మామూలుగా ఏ ఇబ్బందీ రాదు. ఖోజా వాళ్ళ ఆవుతోలు దగ్గర మాత్రం కొంప మునిగినంత పనైంది.

మా ఆయన డ్లాడ్లా తోలుపని చేస్తాడు. ఆయన కోస్తాడు, నేను గీకుతాను, పిసకడం ఇద్దరం. ఏటి అవతలి గట్టు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళం. ఇక్కడివాళ్ళకి మేమింకా "అవతలోళ్ళమే". పని బాగుంటే డ్లాడ్లా, పని చెడితే అవతలోడు. లోకం తీరంతే.

ఆ రోజు ఖోజా వాళ్ళ పెద్దకోడలు మాసొకేలా ఒంటిచక్రం బండిలో తోలు వేసుకుని తోసుకుంటూ వచ్చింది. మొగుడు పోయిన మనిషి. అత్తగారు కూడా పోయిన ఏడు పోయింది. అత్తగారు ఇంకా బతికే ఉన్నట్టు, ఆవిడతో దెబ్బలాడుతున్నట్టు నుదురు చిట్లించుకుని తిరుగుతూ ఉంటుంది.

"మాజొండీ, నీళ్ళియ్యవే, గొంతెండిపోయింది. మీ ఇల్లు ఈ గుట్ట మీద ఎవడు కట్టమన్నాడు?" అంది నాతో.

"నువ్వు రావని కట్టుకున్నాం," అన్నాను. నవ్వింది. నీళ్ళు తాగి, తోలు విప్పి మా వాకిట్లో పరిచింది.

అబద్ధమెందుకు, ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళుగా తోళ్ళ మీద మోకాళ్ళరగదీసుకున్నదాన్ని. పిచ్చుకగుడ్ల చుక్కల తోళ్ళు చూశాను, "ఏరు దాటే ఆడాళ్ళు" అని పిలిచే రంగువి చూశాను. ఇలాంటిది చూడలేదు. రెండు డొక్కలూ కారునలుపు. మెడ నుంచి తోకదాకా వెన్ను మీద తెలుపు, ఒక్క మరక లేకుండా. కింద పొట్టవైపు మళ్ళీ అదే తెలుపు. నలుపూ తెలుపూ కలిసేచోట అంచు గీసినట్టు లేదు. నలుపు చిన్నచిన్న చుక్కలుగా విరిగి, ఆ చుక్కలు పలచబడి, ఎక్కడ ఆగిపోయాయో తెలియకుండా తెలుపులో కలిసిపోయాయి. వేలితో వెతికాను. దొరకలేదు. ఎవరు చేశారమ్మా ఇది, ఏ చేత్తో చేశారు అనిపించింది.

"బజోతిని," అంది మాసొకేలా మెల్లిగా. ఆవు పేరది. 'ఏమంటారో' అని అర్థం. అత్తగారు పెట్టిన పేరు. "మా అత్త సొంత ఆవు. ఈ చలికాలం కరువుకి కూలబడిపోయింది, ఇక లేవలేదు. పాలు మరవని దూడని వదిలేసి పోయింది. ఆ దూడ సీసా తాగదు, గిన్నె తాగదు. కంచె సందులోంచి నేను పట్టబోతే నా మొహాన తుమ్ముతుంది."

తర్వాత అసలు విషయం చెప్పింది. మరిది జ్వెలాకె వచ్చాడు. చేపల ఓడ మీద పని అతనికి. తల్లి పోయిన కబురు అందేసరికే మట్టి ఆరిపోయింది. ఇప్పుడు ఏడాది తిరిగింది, పోయినావిడని ఇంటికి పిలుచుకోవాలి. సమాధి దగ్గర నుంచి ముళ్ళరేగు కొమ్మ పట్టుకుని, దారిలో ఎవరితోనూ పలక్కుండా దొడ్డిలోకి తేవాలి. అక్కడ అందరి ముందూ ఒంటరిగా చిందెయ్యాలి. కొమ్మ దించాక నోటి నుంచి వచ్చే మొదటి మాటతోనే తల్లిని పిలవాలి. ఆ ఇంట్లో మిగిలిన మగవాడు అతనొక్కడే.

"చిన్నమామ ఎంబెక్వా ఊరంతా చాటుతున్నాడు. కడసారి మొహం చూడనోడు పిలిస్తే తల్లెలా వస్తుందని. మా మరిదేమో, అమ్మ రాకపోతే మళ్ళీ ఓడెక్కేస్తాను, ఇక ఈ గడప తొక్కను అంటున్నాడు. తొక్కకపోతే నేనొక్కదాన్నే ఆ కొంపలో గోడలతో మాట్లాడుకుంటూ చావాలి." ముక్కు ఎగబీల్చింది. "ఆవిడ ఆవుతోలు ఒంటి మీదుంటే ఆవిడ గుర్తుపడుతుంది, డ్లాడ్లా. నడికట్టు చెయ్యి. బొచ్చుతోనే. చిందులో జారిందనుకో, తెగిందనుకో, తల్లి కాదన్నదని చిన్నమామ అక్కడికక్కడే అనేస్తాడు."

"జారదు," అన్నాడు మా ఆయన. "ఎక్కడ తియ్యమంటావ్?"

మాసొకేలా తోలు వైపు చెయ్యి ఊపింది. "పాలు ఉన్నవైపు. పొడుగ్గా, అతుకు లేకుండా. పాల మీద మరక పడిందా, మీ ఇద్దరి తోళ్ళూ వలుస్తాను. మిగతాదంతా బొచ్చు తీసేసి నాకు తోలుపావడా కుట్టు, నాది చిరిగి పీలికలైంది."

అలా చెప్పి, బండి గడగడలాడించుకుంటూ గుట్ట దిగిపోయింది.

మా ఆయన తలగోక్కున్నాడు. "పాలవైపట! పొట్టతోలు నడికట్టుకి పనికొస్తుందా ఎక్కడైనా? సాగుతుందది."

"అడిగింది తల్లి కోసం. తల్లంటే పాలు కాక మరేంటి? ఆడదాని మనసు నీకేం తెలుసు," అన్నాను. "ముందే సాగదీసి ఆరబెట్టు, ఇంకేం సాగుతుంది?"

ఆయన గొణుక్కుంటూ కత్తి నూరుకున్నాడు. నా మాట వినేది నెలకోసారి, అదీ వినకూడని రోజున వింటాడు.

బొచ్చుతోలు పని పసిబిడ్డకి స్నానం చేయించినట్టు ఉంటుంది. లోపలివైపే తడపాలి. తడి బొచ్చు కుదుళ్ళలోకి ఇంకిందా, అరచేత్తో నిమిరితే వెంట్రుకలు కుచ్చులుగా ఊడొస్తాయి. నేను లోపలివైపు గీకి గీకి పొర తీశాను. పుల్లపెరుగు రాసి, కొవ్వు పట్టించి, తోలు చేతుల్లో వంగేదాకా పిసికాం. కోసేటప్పుడు మా ఆయన తోలుని బోర్లా వేసి, కత్తిమొన మాత్రం ఆనించి, తోలు తెగాలి గానీ వెంట్రుక తెగకూడదన్నట్టు ఊపిరి బిగబట్టి లాగాడు. కోసిన ముక్క ఎత్తితే వెంట్రుకలు వాటంతటవే పక్కకి తప్పుకున్నట్టు విడిపోయాయి. ఒక్కటీ తెగలేదు. తిట్టుకుంటాను గానీ, ఆ చేతి కింద కత్తి కదులుతుంటే చూడ్డానికి నాకు ఇప్పటికీ కళ్ళు చాలవు.

నడికట్టు మధ్యలో ఒకచోట వెంట్రుకలు గుండ్రంగా తిరిగి సుడి పడ్డాయి. ఆవు తన తల్లికడుపులో ఉన్నప్పటి బొడ్డు ఊడినచోటు అది. నేను దాని మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. వాళ్ళమ్మ నుంచి అది తాగిన దారి, దాని నుంచి దూడలు తాగిన దారి, రెండూ ఒక్క జానెడు తోలు మీద ఉన్నాయి. పని మర్చిపోయాను. మా ఆయన "ఏంటే, నిద్రా?" అన్నాక లేచాను.

మిగతా తోలుని తడిబూడిదలో కప్పిపెట్టి, నాని మెత్తబడ్డాక బొచ్చంతా గీకేశాను. ఆ వెన్ను మీది తెలుపు కూడా. మనసొప్పలేదు, కానీ పావడాకి బొచ్చు ఉండదు కదా.

తల్లిని పిలిచే పూజకి ఇంకో రెండ్రోజులుందనగా మాసొకేలా వచ్చింది. వెనక మరిది. మనిషి పొడుగ్గా, సముద్రపు గాలికి మొహం గట్టిపడి, నవ్వితే పగులుతుందేమో అన్నట్టున్నాడు. దణ్ణం పెట్టి గుమ్మం బయటే నిలబడ్డాడు.

నేను నడికట్టు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాను. పొగడ్త కోసం చూస్తున్నాను. ఆమె దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇది పొట్టతోలు."

"అవును. పాలవైపు," అన్నాడు మా ఆయన.

"పాలవైపా! పాలవైపంటే పొట్టా?"

"మరి పాలు వీపు మీంచి కారతాయా తల్లీ?"

"ఓరి నాయనో! పాలంటే పాలు కాదు, డ్లాడ్లా! పాలు! ఇది!" అని తన పళ్ళు చూపించింది. మా ఆయన ఆమె నోట్లోకి తొంగిచూశాడు. "ఇది!" అని ఉప్పురాయి తీసి చూపించింది. పొయ్యి దగ్గరి ముగ్గుపిండి లాంటి బూడిద చూపించింది. "ఇది, ఇది, ఇది! మా అత్త మొగుడి పేరు!"

అప్పుడు తట్టింది నాకు. నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆమె మామగారి పేరు మ్లోపె. అంటే తెల్లనివాడు. తెలుపనే మాట ఆమె నోట రాదు! తెల్లనివన్నీ ఆమెకి పాలే. "పాలు ఉన్నవైపు" అంటే వెన్ను మీది ఆ తెల్లటి పట్టీ. నాకు మాత్రం తట్టొద్దూ? వేడిదాన్ని వేడిది అనేదాన్ని, తోటి కోడలి నోట్లో ముల్లు పోల్చుకోలేకపోయాను.

"వెన్ను మీంచి తియ్యి ఇప్పుడు. ఇంకా రెండ్రోజులుంది," అందామె వగరుస్తూ.

నేను లోపలికెళ్ళి సగం కుట్టిన పావడా తెచ్చాను. బొచ్చు లేని బోడి తోలు. ఆమె దాన్ని చూసింది. అక్కడే నేల మీద చతికిలబడింది.

"ఇంతేలే. ఆవిడ రాదలుచుకోలేదు. చిన్నమామే గెలిచాడు," అంది. ఆమె ఏడుస్తుంటే నేను ఎప్పుడూ చూడలేదు. మా ఆయన తల వంచుకుని కత్తిపిడి చూసుకుంటున్నాడు.

అప్పుడు జ్వెలాకె లోపలికొచ్చాడు. ఆమె ఒళ్ళోంచి నడికట్టు తీసుకున్నాడు. బొచ్చు మీద బొటనవేలు జరుపుకుంటూ వెళ్ళి, ఆ సుడి దగ్గర ఆగాడు. మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

"వదినా," అన్నాడు. "నేను దీని కిందే పెరిగాను. పశువులు కాసే రోజుల్లో మధ్యాహ్నం పూట ఎవరూ చూడకుండా దీని పొట్ట కింద దూరి, పొదుగులోంచి నేరుగా నోట్లోకి పిండుకునేవాణ్ణి. పైకి చూస్తే నాకు కనపడేది ఈ సుడే. అమ్మ ఓ చేత్తో పాలు తోడేసే సొరబుర్ర, ఓ చేత్తో కర్ర పట్టుకొచ్చేది. నా పాలబుర్రకి ఒక్క చుక్కైనా మిగల్చరా దొంగా, అని. కర్ర ఎత్తేది గానీ ఎప్పుడూ కొట్టలేదు. దీని వీపు నేనెప్పుడు చూశాను? అది ఊరోళ్ళు చూసేది. ఇదే కావాలి నాకు."

మాసొకేలా ముక్కు తుడుచుకుని మొహం ఎత్తింది. మాట పొరబడి తీసిన తోలు వచ్చి వచ్చి ఈ మనిషి చేతికే చేరింది చూడండి!

మా ఆయన మాత్రం లేచి, నడికట్టు రెండు కొసలూ పట్టుకుని బలంగా లాగాడు. అందరం చూస్తుండగానే కాస్త సాగింది. "మాటలు బాగున్నాయి బాబూ. చిందులో నాలుగు గంతులేసేసరికి ఇది మోకాళ్ళ దాకా దిగుతుంది. అప్పుడు అమ్మ రావడం కాదు, ఆడాళ్ళంతా పారిపోతారు."

జ్వెలాకె మొదటిసారి నవ్వాడు. మొహం పగల్లేదు.

"వెన్ను తోలు సాగదు. దీని లోపల అస్తరు వేస్తే ఆగుతుంది. కానీ..." అని మా ఆయన పావడా వైపు చూసి ఆగిపోయాడు. పావడా నడుము నుంచి ఆ వెన్నుపట్టీ తీస్తే పావడా పావడాగా మిగలదు.

"కానీ లేదు, కాకరకాయ లేదు. కొయ్యి," అంది మాసొకేలా. "నా పీలికలే నాకు చాలు. ఎవడు చూడొచ్చాడు నన్ను?"

ఆ పగలంతా, మర్నాడు పగలంతా కుట్టాం. లోపల బోడి వెన్ను, బయట బొచ్చుతో పొట్ట. ఆరెతో నేను బెజ్జం పొడిస్తే, ఆయన ఆవునరం దూర్చి లాగేవాడు. ప్రతి కుట్టు దగ్గరా వెంట్రుకల్ని పక్కకి దువ్వి, కుట్టు బిగిశాక మళ్ళీ మీదికి దువ్వేదాన్ని. పూర్తయ్యాక కుట్టు ఎక్కడుందో నాకే కనపడలేదు. కొసన కొమ్ముతో చేసిన గుండీ పెట్టాడు. ఆవు వీపూ పొట్టా కొలతలేసి కన్నట్టు ఒకదానికొకటి అతికాయి.

పూజ రోజు వాళ్ళ వాకిట్లో ఇసకేస్తే రాలనంత జనం. జొన్నబీరు కుండలు వరసగా పెట్టారు. కోడళ్ళెవరూ దొడ్డిలో కాలుపెట్టకూడదు కాబట్టి నేనూ మాసొకేలా ముళ్ళకంచె ఇవతల నిలబడ్డాం, మా ఆయన కూడా మా పక్కనే ఉన్నాడు. దొడ్డి మొగదల ఎంబెక్వా ముసలాయన టోపీ పెట్టుకుని, కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. పక్కనే ఒక మూల ఆ తల్లిలేని దూడ, ఇన్నాళ్ళూ గడ్డిపరకలతోనే నెట్టుకొచ్చి ఎముకల గూడులా నిలబడి ఉంది.

జ్వెలాకె సమాధి వైపు నుంచి వచ్చాడు. చేతిలో ముళ్ళరేగు కొమ్మ. నడుముకి ఆ తెల్లటి కట్టు, వెనక మగాళ్ళు చిందుకి కట్టుకునే దూడతోలు. ఎవరు పలకరించినా పలకలేదు. నడికట్టు ఎండలో మెరిసిపోతుంటే జనం వాళ్ళంతట వాళ్ళే తప్పుకుని దారిచ్చారు.

"ఓడ మీద వలలు లాగేవాడికి చిందు గుర్తుందా?" అన్నాడు ఎంబెక్వా, అందరికీ వినపడేట్టు.

గుర్తుంది! చప్పట్లు మొదలయ్యాయి. అతను కాలు తలకన్నా ఎత్తు లేపి నేల మీద కొట్టాడు. దుమ్ము లేచింది. మళ్ళీ కొట్టాడు. నా కళ్ళు అతని నడుము మీదే ఉన్నాయి. ఎంబెక్వా కళ్ళూ అక్కడే ఉన్నాయి. ఒక గంతులో టప్‌మని చప్పుడైంది, కుట్టు ఒకటి తెగింది. మాసొకేలా నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దించేసింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నడికట్టు పెట్టినచోటే ఉంది. లోపలి వెన్ను ఆపింది దాన్ని. పక్కన మా ఆయన గట్టిగా ఊపిరి వదలడం వినపడింది.

చిందు ఆగింది. కొమ్మ దించాడు. ఇక పిలవాలి. వంశం పేర్లన్నీ వరసగా చెప్పి, తల్లిని రమ్మనాలి. అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. ఒగురుస్తున్నాడు, పెదాలు కదులుతున్నాయి, గొంతు దాటి ఏదీ రావడం లేదు. జనం చూస్తున్నారు. ఎవరో దగ్గారు.

"చెప్పలా నేను? కడసారి చూడనోడికి నోరెలా పెగులుద్ది?" అంటూ ఎంబెక్వా కర్ర మీద లేవబోయాడు.

అప్పుడు కదిలింది ఆ దూడ. తూలుకుంటూ, జనాన్ని దాటుకుని నేరుగా అతని దగ్గరికొచ్చింది. నడికట్టు మీద ముక్కు పెట్టి వాసన చూసింది. తలతో ఒక్క పోటు పొడిచింది, పొదుగు చేపడానికి దూడలు పొడుస్తాయి చూడండి, అలాగ. తర్వాత ఆ సుడి ఉన్నచోట నోటితో పట్టుకుని, తోక ఆడిస్తూ చీకడం మొదలుపెట్టింది. తల్లిలేని దూడ దేన్నైనా చీకుతుంది, నాకు తెలియదా? గోచీ గుడ్డనీ చీకుతుంది, గోడనీ చీకుతుంది. కానీ ఇది సీసా మీద తుమ్మిన దూడ. అంతమందిలో ఇంకెవరి వైపూ చూడలేదది. నేనే కుట్టిన తోలు, నా చేతుల్తో పిసికిన తోలు. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాను.

జ్వెలాకె కిందికి చూశాడు. దూడ తల మీద చెయ్యి వేశాడు. ఏడుపో నవ్వో తెలియని గొంతుతో, అతని నోట్లోంచి మాట తన్నుకొచ్చింది:

"ఒరే, నా పాలబుర్రకి ఒక్క చుక్కైనా మిగల్చరా, దొంగా!"

అది అతని గొంతు కాదు. అంటే, గొంతు అతనిదే. యాస, ఆ దీర్ఘం, చివర దొంగా అని కొట్టినట్టు అనడం, అన్నీ ఆవిడవి. కంచె ఇవతల ముసలమ్మలు ఒక్కసారి కేకేసి నోళ్ళు మూసుకున్నారు. నా పక్కన మాసొకేలా అత్తగారు ఎదురొచ్చినప్పుడు కోడలు చేసేట్టు, తలగుడ్డ సర్దుకుని కళ్ళు నేలకి దించేసింది.

ఎంబెక్వా ముసలాయన లేచినవాడు లేచినట్టే నిలబడిపోయాడు. మెల్లిగా టోపీ తీశాడు.

"వదినొచ్చింది," అన్నాడు. "ఏంట్రా చూస్తున్నారు, దారి తప్పుకోండి."

జనమంతా పక్కకి జరిగి, ఎవరూ లేని దారి వదిలారు, దొడ్డి నుంచి ఇంటి గుమ్మం దాకా. దూడ ఇంకా చీకుతూనే ఉంది.